వీధంతటికీ ఒకే ఓటు

కొత్త ప్రధానమంత్రిని ఎన్నుకునే ఓటు మా వీధి మొత్తంలో నా ఒక్కడికే ఉందని తెలిసిన వారం, నా షాపుకి వచ్చేవాళ్ళు పెరిగారు. కొనేవాళ్ళు మాత్రం పెరగలేదు. వచ్చినవాడు ఒక గొళ్ళెం చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ ఆడించి, మళ్ళీ అక్కడే పెట్టేసి, "ఇంతకీ ఎవరికి వేస్తున్నావ్?" అనేవాడు. సరుకున్నవాడి చుట్టూ జనం తిరగడం నాకు కొత్త కాదు. కానీ ఈ సరుకు నేను తెప్పించుకున్నదీ కాదు, అమ్ముకునేదీ కాదు.

సంగతి ఇది. పాత ప్రధానమంత్రి ఒంట్లో బాగాలేక మధ్యలోనే దిగిపోయాడు. పార్లమెంటులో బలం ఆయన పార్టీదే కాబట్టి, ఆ పార్టీకి ఎవరు నాయకుడైతే వాళ్ళే ప్రధానమంత్రి. ఆ నాయకుణ్ణి ఎన్నుకునేది పార్టీ సభ్యులు మాత్రమే. దేశాన్ని ఒక బస్తా అనుకుంటే వాళ్ళు గుప్పెడు. పోయిన ఎన్నికల్లో మా వీధివాళ్ళంతా ఎండలో వరస కట్టి, పాత ఆయన మొహం చూసి ఓటేశారు. ఇప్పుడు ఆ మొహం మారుతోంది. వీళ్ళని అడిగే నాథుడు లేడు.

నాకు సభ్యత్వం వచ్చింది మా బామ్మర్ది పుణ్యమా అని. మా మామగారు పోయాక మా ఆవిడ వాడిని వెంట తెచ్చుకుంది. నా షాపులోనే పెరిగాడు, ఇప్పుడు పక్క వీధిలో ఉంటాడు. మేకుకీ స్క్రూకీ తేడా తెలియడానికి వాడికి ఏడాది పట్టింది కానీ, మేకులు కొనడానికి వచ్చినవాడి చేత జెండా మోయించడానికి అరగంట చాలు. పార్టీలో చేరి వార్డు సెక్రటరీ అయ్యాడు. వీధంతా వాడిని సెక్రటరీ అనే పిలుస్తుంది. నా షాపు అరుగు మీదే బల్ల వేసుకుని పార్టీ పనులు చూసుకునేవాడు. ఆ పదవి కోసం సభ్యుల్ని చేర్పించే రోజుల్లో, తలలు తక్కువ పడినప్పుడు నా దగ్గరికి వచ్చాడు.

"సంతకం పెట్టు బావా. నీదేం పోతుంది?"

"ఏమీ పోనిచోట సంతకం ఎందుకురా?"

"నాకు వస్తుంది కాబట్టి."

అంత నిజం చెప్పినవాడిని కాదనలేకపోయాను. పెట్టాను, మర్చిపోయాను.

ఇప్పుడు బరిలో ఇద్దరు మిగిలారు. ఒకామె రాజకీయాల్లోకి రాకముందు బడిలో పాఠాలు చెప్పిందట, మా వీధివాళ్ళు ఆమెని టీచరమ్మ అంటారు. రెండోవాడు రోడ్ల మంత్రి, ఆయన రోడ్లాయన. రోడ్లాయన మొదటి ఉపన్యాసంలోనే చెప్పేశాడు: ఊళ్ళ మధ్యలో ఉన్న లారీ స్టాండ్లన్నీ బయటికి తరలిస్తాను. టీచరమ్మ ఎక్కడివి అక్కడే ఉంచి బాగుచేస్తానంది.

మా వీధి వెనకే లారీ స్టాండు. నా షాపులో తాళ్ళు, టార్పాలిన్లు, బోల్టులు కొనేది డ్రైవర్లు. ఎదురుగా తాళాలాయన అమ్మే పెద్ద తాళాలు లారీ తలుపులకే. దర్జీ కుట్టేది వాళ్ళ సీటు కవర్లు. టీ బండి అక్క పొయ్యి వెలిగేదీ, ఆరేదీ లారీలు వచ్చే వేళల్ని బట్టి. స్టాండు పోయిందంటే మా అందరి పొట్ట కొట్టినట్టే. ఇందులో నాకు పెద్ద ఆలోచన అక్కర్లేదు. మా వీధికి టీచరమ్మ గెలవాలి.

"నువ్వు ఎవరికి వేస్తావో మేమెలా నమ్మాలోయ్?" అన్నాడు తాళాలాయన. మా ఇద్దరి షాపులూ ఎదురెదురు. పొద్దున్నే షట్టరు ఎత్తగానే ఒకరి మొహం ఒకరం చూసుకునే స్నేహం. "సెక్రటరీ మీ బామ్మర్దే. రాత్రి కంచం ముందు కూర్చోబెట్టి నీ మనసు మార్చేస్తాడు."

"మా ఇంట్లో కంచం ముందు మాట్లాడనిచ్చేది మా ఆవిడ ఒక్కతే."

"అయితే ఆమె మారుస్తుంది."

"పోనీ తక్కెడ పెట్టండి అన్నా," అంది టీ అక్క. "వీధి మాట ఏదో తేల్చుకుని, ఆ మాటే వెయ్యండి."

మా వీధిలో ఒక పద్ధతి ఉంది. ఏ రోజు సెలవు, బంద్‌కి మూయాలా వద్దా, కాలవ ఎవరి వైపు తవ్వాలి, ఇలాంటివన్నీ నా షాపులో వేలాడే పెద్ద తక్కెడ మీద తేలతాయి. ఒక పళ్ళెం ఔను, ఒక పళ్ళెం కాదు. నా డబ్బాలోంచి ఒకే సైజు నట్లు తీసి పంచుతాను. పెద్ద షాపైనా, తోపుడు బండైనా ఒక్కటే నట్టు. ఎవరూ లెక్కపెట్టరు. ఏ పళ్ళెం దిగితే ఆ మాట. ఓడినవాడు ఎంతతో ఓడాడో తెలియదు కాబట్టి మర్నాడు మొహాలు చూసుకోవడం తేలిక.

శనివారం సాయంత్రం అందరూ వచ్చారు. మా బామ్మర్ది అరుగు మీద బల్ల దగ్గర కూర్చుని నవ్వుతూ చూస్తున్నాడు.

"మీ తక్కెడ పార్లమెంటు బాగుంది బావా."

"మీ పార్టీలో నాకు నట్టు లేదుగా సెక్రటరీ, ఇక్కడైనా వేసుకోనీ," అంది టీ అక్క.

"సభ్యత్వం తీసుకో అక్కా, ఎవరొద్దన్నారు?"

"ఇప్పుడు తీసుకుంటే ఓటుంటుందా?"

"ఈసారికి ఉండదు. గడువైపోయింది."

"అయితే పెళ్ళయ్యాక శుభలేఖ ఇచ్చినట్టుంది నీ యవ్వారం."

అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు. రోడ్లాయన వైపు కూడా నట్లు పడ్డాయి. రంగుల షాపతను కొత్త రోడ్లు వస్తే కొత్త ఇళ్ళు లేస్తాయని వాదించాడు. అతని లెక్క అతనిది. చివరికి టీచరమ్మ పళ్ళెం దిగింది.

"ప్రమాణం చెయ్యి," అన్నాడు తాళాలాయన.

"తక్కెడ మీద చెయ్యి పెట్టి చెప్తున్నా. మీరు చెప్పినట్టే వేస్తాను. ఈ తక్కెడ మీద చెయ్యి పెట్టి అబద్ధమాడితే రేపు నా దగ్గర మేకులు ఎవడు తూయించుకుంటాడు?"

అది గొప్ప కోసం అన్న మాట కాదు. నా వ్యాపారంలో సరుకంతా బయటివాడు చేసిందే. నాదని చెప్పుకోవడానికి ఉన్నది తూకం ఒక్కటే.

సోమవారం మధ్యాహ్నం గిరాకీ లేని వేళ చూసి ఫోను తీశాను. పార్టీ పంపిన లింకు నొక్కి సభ్యుడి నంబరు కొట్టాను. "మీ ఓటు నమోదైంది. ధన్యవాదాలు" అని వచ్చింది. పొరపాటేమోనని మళ్ళీ కొట్టాను. మళ్ళీ ధన్యవాదాలు. అక్కడున్న ఫోను నంబరుకి చేస్తే ఒకమ్మాయి ఎత్తింది. ఆదివారం పొద్దున మీ ఓటు పడిందండీ, ఒకసారి పడ్డాక మార్చడం కుదరదండీ, అని ఎంతో మర్యాదగా చెప్పింది.

"నేను వెయ్యలేదమ్మా."

"మీ ఫోనుకి వచ్చిన కోడ్‌తోనే వేశారండీ."

ఆదివారం పొద్దున సరుకు దింపించుకోవడానికి గోడౌనుకి వెళ్తాను. ఫోను ఇంట్లో ఉంటుంది. ఆర్డర్ల కోసం వచ్చే ఫోన్లు మా ఆవిడ చూసుకుంటుంది. షట్టరు సగానికి దించి ఇంటికి నడిచాను.

మా ఆవిడ దండెం మీంచి బట్టలు తీస్తోంది.

"నిన్న తమ్ముడొచ్చాడా?"

"వచ్చాడుగా. మీ ఓటు వేసి పెట్టాడు. బావకి ఈ ఫోన్ల గోల రాదు, నంబరొస్తుంది చదువక్కా అన్నాడు. చదివాను."

"ఎవరికి వేస్తున్నావని అడగలేదా?"

ఆమె చేతిలో చొక్కా అలాగే ఆగిపోయింది. "మీరు చెప్పి పంపారనుకున్నానండీ. మీ కరెంటు బిల్లు వాడే కడతాడు, మీ లైసెన్సు వాడే మార్పించాడు. మీ పని వాడు చెయ్యడం కొత్తా?"

కొత్త కాదు. ఆమె మీద కోపం తెచ్చుకుందామన్నా పట్టు దొరకలేదు. నేను చెప్పింది విని ఆమె బట్టలన్నీ మంచం మీద పడేసి కూర్చుండిపోయింది.

సాయంత్రం వాడు షాపుకి వచ్చాడు. తప్పించుకుంటాడనుకున్నాను. నా మొహం చూడగానే వాడే మొదలెట్టాడు.

"తెలిసిందా? అవును బావా, రోడ్లాయనకే వేశాను."

"నా ఓటు."

"నీ ఓటేంటి బావా? సభ్యత్వం కార్డు తీయించింది నేను. ఏటా మార్పించింది నేను. పార్టీ ఆఫీసు మెట్లు ఒక్కసారైనా ఎక్కావా? ఒక్క పోస్టరు అంటించావా? ఎండలో తిరిగేది మేము, తిట్లు తినేది మేము. మా నాయకుణ్ణి మేం ఎన్నుకుంటే వీధికేంటి నొప్పి? నీ షాపులో గుమాస్తాని పెట్టుకోవాలంటే నువ్వు వీధిని అడుగుతావా?"

మాట కొట్టిపారేసేది కాదు. కష్టపడినవాడికే హక్కు అంటే నేనూ తలూపేవాణ్ణే, ఇంకో సంగతైతే.

"అడగను. కానీ నా గుమాస్తా నా షాపులోనే కూర్చుంటాడు. ఎదురు షాపు షట్టరు దించమని చెప్పడు. మీరు పెట్టుకునేవాడు అందరి షట్టర్లూ దించగలడు."

"ఆ అందరూ పోయినసారి మా పార్టీకేగా వేసింది!"

"ఆయన్ని చూసి వేశారు. చూపించింది ఒక సరుకు, కట్టి ఇచ్చింది ఇంకో సరుకు. దాన్ని మన షాపులో ఏమంటారో నీకు తెలుసు."

వాడు చుట్టూ ఒకసారి చూశాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"నువ్వన్నది నిజమే అనుకో. అందర్నీ అడిగితే ఇక నన్నెవరు అడుగుతారు బావా? ఇన్నేళ్ళు జెండా మోసినందుకు నాకు మిగిలింది అదొక్కటే. మా వార్డులో ఓట్లన్నీ రోడ్లాయనకే అని పైన మాటిచ్చాను. ఒక్క ఓటు తేడా వచ్చినా ఎవరిదో కనిపెట్టేస్తారు. అదీ సెక్రటరీ ఇంట్లోది."

"నువ్వు మాటిచ్చావు సరే. నేను మాటిచ్చినప్పుడు నువ్వు ఇక్కడే కూర్చుని నవ్వావు కదరా."

వాడు జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి బల్ల మీద పరిచాడు. రోడ్లాయన గెలిస్తే ఊరి బయట కట్టబోయే కొత్త స్టాండు బొమ్మ. వరసగా స్టాళ్ళు.

"మన పార్టీవాళ్ళకి ముందు ఇస్తున్నారు. గేటు పక్కన ఇది చూడు. నీ కార్డు చూపించి అక్క పేరు మీద రాయించాను. ఏ లారీ లోపలికి రావాలన్నా నీ ముందు నుంచే రావాలి. ఇదంతా ఎవరి కోసం చేశాననుకున్నావ్?"

అబద్ధం ఎందుకు, ఆ జాగా చూడగానే నా బుర్ర దాని పని అది మొదలెట్టేసింది. టార్పాలిన్లు ఎటు, తాళ్ళ చుట్టలు ఎటు, లారీ ఆగితే డ్రైవరు చెయ్యి దేని మీద పడుతుంది. అన్నీ సర్దేశాక గానీ ఇంకో లెక్క తట్టలేదు. వీధి కళ్ళకి ఇది ఎలా కనిపిస్తుంది? సాయంత్రం తక్కెడ మీద చెయ్యి పెట్టాడు, తెల్లారగానే అటు వేశాడు, గేటు పక్క జాగా కొట్టేశాడు. ఎంత చక్కగా అతికిందంటే, నేనే బయటివాడినైతే నేనూ అలాగే అనుకునేవాణ్ణి.

"నా గొంతు కోశావురా."

"ఎవరికి తెలుస్తుంది బావా? రహస్య ఓటు."

"నీకు తెలిసింది కదా. ఇక రహస్యమేముంది?"

వాడి బల్ల తీసుకెళ్ళమన్నాను. నేను చిరాకులో అన్నాననుకుని నవ్వాడు. బల్ల నేనే ఎత్తి అరుగు దించాక నవ్వు ఆగింది.

ఫలితం వచ్చిన రోజు అందరం టీ బండి దగ్గరే ఉన్నాం. రోడ్లాయన గెలిచాడు. కాస్తా కూస్తా కాదు, బాగా గెలిచాడు. నా ఒక్క ఓటు ఎటు పడ్డా పళ్ళెం కదిలేది కాదు. ఆ మాట నాకు ఓదార్పుగా ఉండాల్సింది. అందరూ ఫోన్లలో ఆయన చేతులూపడం చూస్తున్నారు.

టీ అక్క నా గ్లాసు నాకు ఇస్తూ, "నువ్వైనా మన మాట వేశావు. అది చాలన్నా," అంది.

ఊరుకుంటే సరిపోయేది. లెక్క ప్రకారం ఊరుకోవడమే లాభం. కానీ మా బామ్మర్ది నోరు నాకు తెలుసు, ఇవాళ కాకపోతే రేపు గొప్పలకి పోయి ఎక్కడో వాగుతాడు. అప్పుడు వాడి నోటి నుంచి వినడం కంటే ఇప్పుడు నా నోటి నుంచి వినడం నయం. ఇలా లెక్కేసుకున్నాననే చెప్తాను. నిజానికి ఆ గ్లాసు పట్టుకుని తాగలేకపోయాను, అంతే.

మొత్తం చెప్పాను. ఫోను, కోడ్, స్టాలు, ఏదీ దాచలేదు.

మొదట మాట్లాడింది దర్జీ. "ఫోను నీది. నంబరు చదివింది మీ ఆవిడ. స్టాలు మీ ఆవిడ పేరు మీద. ఇందులో నువ్వు మాత్రం లేవు. భలే కుట్టావయ్యా, కుట్టు కనపడకుండా!"

"నాకు తెలియకుండా జరిగింది."

"నాకు తాళం చెవి లేకుండా తాళం తియ్యడం వచ్చోయ్," అన్నాడు తాళాలాయన. "కానీ ఇంత శుభ్రంగా తియ్యడం రాదు."

నవ్విస్తాడని తెలిసిన మనిషి. ఎవరూ నవ్వలేదు. టీ అక్క అటు తిరిగి మిగతావాళ్ళకి టీ పోసింది. ఎవడో తిట్టినా నేను తట్టుకునేవాణ్ణి. ఇన్నేళ్ళు నా తూకం మీద అనుమానం వచ్చి ఇంకోచోట తూయించుకున్నవాడు లేడు. ఆ రోజు అక్కడున్న ప్రతివాడూ నన్ను ఇంకోచోట తూస్తున్నాడు.

ఇంట్లో అంతా విని మా ఆవిడ చీర మార్చుకుంది. "పదండి," అంది.

పార్టీ ఆఫీసులో మా బామ్మర్ది ఒక కుర్చీ తుడిచి అక్కకి వేశాడు. ఆమె కూర్చోలేదు.

"ఆ స్టాలు మీద నా పేరు కొట్టెయ్."

"అక్కా, నీ కోసమే కదా చేసింది..."

"నా కోసమైతే నన్ను అడిగేవాడివి. చదవమన్నావు, చదివాను. నా చేత మీ బావ ఇంటికే కన్నం వేయిస్తున్నావని చెప్పలేదే?"

"బావ తక్కెడ పిచ్చిలో పడి నిన్ను కూడా..."

"పేరు కొట్టెయ్యరా."

కొట్టేశాడు. నేను నా కార్డు కూడా ఆ బల్ల మీద పెట్టాను. వాడు దాన్ని తీసుకోలేదు, తోసెయ్యలేదు. మేము మెట్లు దిగుతుంటే "అక్కా, రేపు ఇంటికి రానా?" అని పైనుంచి అడిగాడు. చిన్నప్పుడు తప్పు చేస్తే ఇదే గొంతు. ఆమె ఆగలేదు. వీధి చివరి దాకా కొంగుతో మొహం తుడుచుకుంటూనే ఉంది.

వ్యాపారం ఆగలేదు. స్టాండు ఇంకా కదలలేదు కాబట్టి డ్రైవర్లు వస్తున్నారు. వీధివాళ్ళూ మేకులు కావాలంటే వస్తున్నారు. తీసుకుంటున్నారు, వెళ్తున్నారు. ఈ నెల వీధి సెలవు మార్చారని మాత్రం దర్జీ షాపు మీద అంటించిన కాగితం చూశాక నాకు తెలిసింది. ఎక్కడ కూర్చుని తేల్చుకున్నారో నేను అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

మొన్న మధ్యాహ్నం తాళాలాయన వచ్చాడు. ఆ రోజు తర్వాత నా షాపు మెట్టెక్కడం అదే. స్టూలు జరిపాను. కూర్చున్నాడు.

"మీ ఆవిడ పేరు కొట్టేయించిందటగా?"

"అవును."

"మంచి పని చేసింది. నేను తొందరపడి ఏదో అన్నాను, మనసులో పెట్టుకోకు."

"పెట్టుకోలేదు," అన్నాను. పెట్టుకున్నాను, కానీ ఆ నిమిషానికి తీసేశాను.

రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాడు.

"అయితే గేటు పక్క జాగా ఖాళీగానే ఉందన్నమాట."

తలెత్తి చూశాను. అతను నా వైపు చూడటం లేదు.

"స్టాండు పోయాక ఇక్కడ తాళాలు ఎవరు కొంటారోయ్? ఇళ్ళకి తాళం ఒకసారి కొంటే తరం గడుస్తుంది. లారీ తాళమే కదా విరిగేది. మీ బామ్మర్దితో నువ్వు ఒక్క మాట..."

"వాడికీ నాకూ మాటల్లేవు."

"అది మీ ఇంటి గొడవ. పోనీ నేనే అడుగుతాను. ఇస్తాడంటావా?"

అనడానికి చాలా ఉన్నాయి. తాళం చెవి లేకుండా తాళం తీసే మాట ఎవరన్నారో గుర్తుచెయ్యొచ్చు. కానీ అతని లెక్కలో తప్పెక్కడుందో వెతికితే నాకు దొరకలేదు. ఓటు లేనివాడు, స్టాండు పోతున్నవాడు, కళ్ళ ముందు ఖాళీ జాగా. అతని స్టూలు మీద నేను కూర్చుని ఉంటే నేనూ అదే అడిగేవాణ్ణేమో. అది తెలిశాక మంట తగ్గాలి కదా, తగ్గలేదు.

"కార్డు ఉన్నవాళ్ళకే ఇస్తున్నారు," అన్నాను.

ధర చెప్పినట్టు విన్నాడు. ఎక్కువా తక్కువా అని ఒక క్షణం ఆలోచించాడు.

"ఇప్పుడు తీసుకుంటే వచ్చేసారికి ఓటు కూడా ఉంటుందా?"

"ఉంటుంది."

"మరి సంతకం ఎక్కడ పెట్టాలి?"

"గడియారాల షాపు పక్కన మెట్లెక్కితే కుడి చేతి గది. భోజనాలకి మూసేస్తారు. ఇప్పుడే వెళ్ళు," అన్నాను.